ఏడాదికి ఒక రోజు కొండకు

వార్షికోత్సవం అనగానే మన హాస్టల్లో ఆటల పోటీలు, పాటల పోటీలు, వ్యాసరచన, అతిథుల ప్రసంగాలు, రాత్రికి స్వీటుతో భోజనం. ఇవన్నీ ఉండాల్సినవే. వీటికి ఇంకొకటి చేర్చాలని 2005-06 పదో తరగతి బ్యాచ్ తరఫున మేము ఈ నాలుగు మాటలు రాస్తున్నాం. ప్రతి ఏడాదీ హాస్టల్ పిల్లలందరినీ ఒక రోజు కొండ ఎక్కించాలి. మేము అడుగుతున్నది బస్సు దిగి, ఫొటో దిగి, మళ్లీ బస్సెక్కే విహారయాత్ర కాదు. పొద్దున మొదలుపెడితే సాయంత్రానికి గానీ ముగియని కొండ కావాలి. మధ్యలో ఒక్కసారైనా "ఇక నా వల్ల కాదు" అనిపించాలి.

ఈ మాటంటే కొందరు పెద్దలు నవ్వుతారు. "మన పిల్లలకు గుట్టలెక్కడం కొత్తా? గొర్రెల వెంట, కట్టెల కోసం ఎక్కనివాడెవడు?" అంటారు. నిజమే, ఎక్కాం. కానీ కట్టెల మోపు కోసం పోయినవాడు ఎండుకొమ్మ ఎక్కడుందా అని చూస్తాడు, మోపు కాగానే దిగుతాడు. శిఖరంతో వాడికి పనేముంది? పని లేకుండా, ఎవరూ పంపకుండా, స్నేహితులతో కలిసి ఎక్కాలనుకుని ఎక్కడం మాకు జీవితంలో ఒక్కసారే దొరికింది. దాని గురించి కొంచెం వివరంగా చెప్పాలి.

2006 జనవరి. సంక్రాంతి సెలవులైపోయి అందరం హాస్టల్‌కు తిరిగొచ్చాం. అప్పటికి అహోబిలం స్వామి పారువేట పల్లకీలో మా పల్లెలు తిరుగుతున్నాడు. కనుమనాడు బయల్దేరితే నలభై రోజుల పైచిలుకు ఊరూరా తిరుగుతాడు కదా. "దేవుడు మన ఊళ్లకొచ్చినాడు, మనం ఆయన ఊరికి పోదాం పదండ్రా" అని మాలో ఒకడన్నాడు. ఉగ్రస్తంభం ఎక్కాలని ఆ రాత్రే తీర్మానమైంది. వార్డెన్ గారిని బతిమాలితే సరే అన్నారు. వంట చేసే పెద్దమ్మ తెల్లవారుజామునే లేచి చిత్రాన్నం కలిపి, వేయించిన చెనిక్కాయలు పొట్లం కట్టి ఇచ్చింది. 12 మందిమి ఆళ్లగడ్డలో మొదటి బస్సెక్కాం. అహోబిలం పాతిక కిలోమీటర్లుంటుంది, అక్కడి నుంచి ఎగువ అహోబిలం ఇంకో 8 కిలోమీటర్లు.

ఆ 12 మందిలో కాన్వాసు బూట్లున్నవాడు ఒక్కడే. మిగతా వాళ్లందరికీ హవాయి చెప్పులు. భవనాశి వాగు వెంట గుండ్రాళ్ల మీద అరగంట నడిచేసరికి ముగ్గురి చెప్పులు తెగాయి. తెగిన బద్దీకి పిన్నీసు గుచ్చుకోవడం మనవాళ్లకు ఎవరూ నేర్పనక్కర్లేదు గానీ, ఒక చెప్పు పిన్నీసుకు కూడా లొంగలేదు. దాని యజమాని మిగతా దారంతా ఒంటికాలి చెప్పుతోనే నడిచాడు.

మాతో ఒక చెంచు మిత్రుడు ఉన్నాడు. తరగతిలో చివరి బెంచీ. తెలుగు పాఠం చదవమంటే అక్షరం అక్షరం కూడబలుక్కునేవాడు. అడవిలో అడుగుపెట్టగానే అతనెవరో మాకు తెలిసింది. దారి తెలిసినవాడివి ముందు నడవరా అంటే వినలేదు. "ముందర పోతే మీలో ఎవరు తప్పిపోయినారో నాకెట్ల తెలుస్తాది?" అని అందరికంటే వెనక నడిచాడు. ఒకచోట తవ్వి పోసిన చెదపుట్టలు చూపించి, ఇది ఎలుగుబంటి పని, ఈ మలుపుల్లో గట్టిగా మాట్లాడుకుంటూ పోవాల అన్నాడు. మనిషి అలికిడి ముందే వినిపిస్తే అది తప్పుకుంటుందట, ఉన్నట్టుండి ఎదురుపడితేనే మీదికి వస్తుందట. అంతే, మాలో పాటలు రానివాళ్లు కూడా పాడారు. దాహమైనప్పుడల్లా గటగటా తాగొద్దని, రెండు గుక్కలు తాగి నడవమని చెప్పాడు. చిత్రాన్నం తిన్నాక పాలిథిన్ సంచులు వాగులో పారేయబోతే కేకలేశాడు.

దారిలో ప్రహ్లాద బడి ఉంది. చిన్న గుహ. బండల మీద గీతలుంటే అవి ప్రహ్లాదుడు దిద్దిన అక్షరాలంటారు. అడవిలోకి పారిపోయి వచ్చినా బడి తప్పలేదని నవ్వుకున్నాం.

జ్వాలా నరసింహస్వామి గుడి దాటాక అసలు ఎక్కుడు మొదలు. హిరణ్యకశిపుణ్ణి చంపడానికి నరసింహుడు చీల్చుకుని వచ్చిన స్తంభం ఇదేనని భక్తులు నమ్మే ఉగ్రస్తంభం, నిలువునా చీలిన కొండకొమ్ము. అక్కడ మెట్లు లేవు. చేతులూ కాళ్లూ రెండూ వాడాలి. పట్టుకున్న రాయి ఊడి చేతికొస్తుంది. మొదలుపెట్టక ముందే మా చెంచు మిత్రుడు ఎదురుగా ఒక బండ చూపించి, "నీడ ఆడికి వచ్చిందంటే ఎక్కినా ఎక్కకపోయినా దిగాల్సిందే" అని మాట తీసుకున్నాడు. నలుగురు కింద సంచుల దగ్గర ఉండిపోయారు. ఎనిమిది మందిమి మొదలుపెట్టాం. లెక్కల్లో నూటికి నూరు తెచ్చుకునే మిత్రుడికి సగంలో పిక్కలు పట్టేశాయి. కదల్లేక, దిగలేక, బండకు కరుచుకుని ఏడ్చేశాడు. చెంచు మిత్రుడు కింద నుంచి వచ్చి అతని పాదం తన భుజం మీద పెట్టుకున్నాడు. "ఇప్పుడు కిందికి చూడగాకు, నా నెత్తిన కాలు పెట్టినా ఏం కాదు" అంటూ ఒక్కో అడుగూ దింపాడు. ఉప్పు, నిమ్మకాయ నాకించి కూర్చోబెట్టి మళ్లీ పైకొచ్చాడు. చివరికి పైకి చేరింది ఐదుగురం.

పైన ఏముందంటారా? ఒక బండ, పాదుకలు, విపరీతమైన గాలి. చుట్టూ ఎటు చూసినా నల్లమల, ఒక వరుస వెనక ఇంకో వరుస. కాసేపు ఎవరమూ మాట్లాడలేదు. నీడ బండ మీదికి వచ్చింది, దిగాం. ఎక్కడం కంటే దిగడమే కష్టమని ఆ రోజే తెలిసింది. దిగేటప్పుడు ఒంటి బరువంతా తొడల మీద, మోకాళ్ల మీద పడుతుంది. అలసిపోయి ఉంటాం, పని అయిపోయిందన్న ధీమా ఉంటుంది, కాళ్లు జారేది అప్పుడే. బస్సు తప్పిపోయి ఆ 8 కిలోమీటర్లూ నడిచి దిగువకు చేరాం. హాస్టల్‌కు వచ్చేసరికి రాత్రి తొమ్మిది దాటింది. ఆవరణలో వరుసగా నిలబెట్టి చీవాట్లు పెట్టారు. ఆ మరుసటి ఏడాది నుంచి కొండ పేరెత్తనివ్వలేదని మా తర్వాతి బ్యాచ్ వాళ్లు చెప్పారు.

ఆ వార్డెన్ గారి భయం మాకు అర్థమవుతుంది. పిల్లవాడికి ఏదైనా జరిగితే తల్లిదండ్రులకు, అధికారులకు జవాబు చెప్పాల్సింది ఆయనే. కానీ భయానికి ఏర్పాట్లు చేసుకోవాలి గానీ కొండనే మానిపిస్తారా? మేము ఎక్కువ బాధపడేది ఇంకో విషయానికి. ఆ రోజు మాతో ఒక్క ఉపాధ్యాయుడు గానీ, వార్డెన్ గారు గానీ లేరు. ఉండి ఉంటే మా చెంచు మిత్రుణ్ణి వాళ్లు చూసి ఉండేవారు. హాస్టల్లో అతను పరీక్ష తప్పే పిల్లవాడు, అంతే. పదో తరగతి తప్పాడు, సప్లిమెంటరీకి రాలేదు, మళ్లీ కనిపించలేదు. పుస్తకాల్లో కాక ఇంకెక్కడో తెలివి ఉన్న పిల్లలు ప్రతి హాస్టల్లోనూ ఇద్దరు ముగ్గురుంటారు. వాళ్లను పెద్దలు కళ్లారా చూడాలంటే వాళ్లకు తెలిసిన చోటికి పెద్దలు ఒక్క రోజైనా రావాలి.

2014 మే 25న మాలావత్ పూర్ణ, సాధనపల్లి ఆనంద్ కుమార్ ఎవరెస్టు ఎక్కినప్పుడు మనమందరం మిఠాయిలు పంచుకున్నాం. ఇద్దరూ సాంఘిక సంక్షేమ గురుకులాల పిల్లలే. పూర్ణకు అప్పటికి 14 ఏళ్లు కూడా నిండలేదు. వాళ్ల మొదటి పాఠాలు భువనగిరి కోట ఉన్న ఏకశిల మీద జరిగాయి. తర్వాత డార్జిలింగ్‌లో శిక్షణ. గురుకులం వేరు, మన వసతి గృహం వేరు అని కొందరు అంటారు. ఏర్పాట్లు, నిధులు వేరే గానీ పిల్లలు వేరా? ఆ ఇద్దరి ఫొటో గోడకు తగిలించి "మీరూ ఇలా ఎదగండి" అని చెప్పడం సులువు. భువనగిరి బండలాంటిది ఒకటి ఎక్కించడం దగ్గరే మనం ఆగిపోతున్నాం. బాలికల హాస్టళ్లలోనైతే ఆ ఆలోచనే రానివ్వరు. ఆడపిల్లలను కొండలకు పంపుతారా అని అడిగేవాళ్లకు పూర్ణ కంటే వేరే జవాబు మేము వెతకనక్కర్లేదు.

ఏర్పాట్ల సంగతి. ఎండల్లో వద్దు, వానల్లో వద్దు, కార్తీకం నుంచి మాఘం లోపు పోవాలి. అటవీశాఖ అనుమతి కాగితం మీద ఉండాలి. చిరుతలు, ఎలుగుబంట్లు తిరిగే అడవి అది. దారి చూపడానికి స్థానిక చెంచులను పిలవాలి, వాళ్ల కూలి వాళ్లకు మర్యాదగా ఇవ్వాలి. ఉగ్రస్తంభం చివరి ఎక్కుడు చిన్నపిల్లలకు వద్దే వద్దు. వాళ్లకు జ్వాలా నరసింహస్వామి గుడి వరకు చాలు, అదీ తక్కువేం కాదు. తిరిగే వేళ ముందే నిర్ణయించుకోవాలి, వెనక నడిచేవాడెవరో కూడా.

డబ్బు మాటకు వస్తే, పూర్వ విద్యార్థులం ఇన్నేళ్లుగా ఏమిచ్చాం? దాతల పేర్లు రాసిన గోడ గడియారాలు, ఫ్యాన్లు, బీరువా. మా బ్యాచ్ ఇచ్చిన గడియారం రెండేళ్లుగా పది గంటల ఐదు నిమిషాల దగ్గరే ఆగి ఉంది, పేర్లు మాత్రం చెక్కు చెదరలేదు. ఈ ఏడాది నుంచి వస్తువులివ్వడం మానేసి బస్సు కిరాయి, దారి చూపేవాళ్ల కూలి, ప్రతి పిల్లవాడికీ ఒక జత బూట్లు మేము పెట్టుకుంటాం. ఇప్పటి వార్డెన్ గారితో మాట్లాడాం. తానూ వస్తానని అన్నారు. మోకాళ్ల నొప్పి గనుక గుడి వరకేనట.

బూట్ల సైజులు రాయమని నోటీసు బోర్డు పక్కన ఒక కాగితం అంటించాం. ఈ వ్యాసం అచ్చుకు ఇచ్చేనాటికి అందులో 19 పేర్లున్నాయి.