తాగుడు మానినవాళ్లకు ఆసుపత్రిలో ఉద్యోగమివ్వండి

ఆంధ్రప్రదేశ్ వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి,



ప్రభుత్వాసుపత్రి డీఅడిక్షన్ వార్డులో మందులిచ్చి, చేతుల వణుకు తగ్గించి మనిషిని ఇంటికి పంపుతున్నారు. అది చిన్న పని కాదు. ఏళ్ల తరబడి తాగినవాడు ఒక్కసారిగా ఆపేస్తే ఫిట్స్ రావచ్చు, మతి చెదరవచ్చు, ప్రాణమే పోవచ్చు. అక్కడ డాక్టరే దిక్కు. నా విన్నపం ఆ తర్వాతి రోజుల గురించి. డిశ్చార్జి కాగితంతో బస్సు దిగినవాడికి ఎదురయ్యేది అదే వీధి, అదే బెల్టుషాపు, అదే స్నేహితులు. సాయంత్రం నాలుక లాగేటప్పుడు ఎవరికి ఫోన్ చేయాలో ఆ కాగితంలో ఉండదు.

మా అన్నయ్య వార్డు నుంచి వచ్చిన ప్రతిసారీ మళ్లీ మొదలుపెట్టాడు. ఆల్కహాలిక్స్ అనానిమస్ (ఏఏ) మీటింగులకు వెళ్లడం అలవాటయ్యాకే నిలబడ్డాడు. అక్కడ పక్కన కూర్చున్న ఆటోడ్రైవరు ఒకప్పుడు తాగడానికి భార్య పుస్తెలు తాకట్టు పెట్టినవాడు. మా దగ్గర దాచినవన్నీ అన్నయ్య ఆయనకు చెప్పుకున్నాడు. మేం ఏడ్చేవాళ్లం, ఒట్లు వేయించుకునేవాళ్లం. ఆయన మాత్రం "అన్నం తిన్నావా? కడుపు ఖాళీగా ఉంటే ఇంకా లాగుద్ది" అనేవాడు. ఆ మాట అనుభవించినవాడికే తెలుస్తుంది.

అమెరికాలోని ఆక్రన్‌లో 1935లో ఆల్కహాలిక్స్ అనానిమస్ మొదలైంది ఇలాగే. అప్పటికి కొన్ని నెలలుగా తాగకుండా ఉన్న బిల్ విల్సన్, ఊరు కాని ఊళ్లో మళ్లీ తాగుతానేమోనన్న భయంతో తనలాంటి మరొకరి కోసం వెతికి డాక్టర్ బాబ్ స్మిత్‌ను కలిశాడు. అవతలివాడిని నిలబెడుతూ తానూ నిలబడటమే ఇందులోని బలం. ఇది భక్తుల నమ్మకమని కొట్టిపారేయకండి. 2020లో కొక్రేన్ సమీక్ష 27 అధ్యయనాలను పరిశీలించింది. మనిషిని ఏఏకి పద్ధతి ప్రకారం అలవాటు చేసే చికిత్స, పూర్తిగా మానేసి నిలబడే విషయంలో ఇతర మానసిక చికిత్సల కంటే మెరుగ్గా పనిచేస్తోందని తేల్చింది. ఏఏలోని దేవుడి ప్రస్తావన నచ్చనివాళ్లకు వేరే బృందం ఉండాలి. మగవాళ్ల మధ్య నోరు విప్పలేని ఆడవాళ్లకూ ఉండాలి.

డాక్టర్లతోనే ఈ పని తెమలదు. 2019లో వెలువడిన ఎయిమ్స్ జాతీయ సర్వే ప్రకారం, మద్యానికి బానిసలైన ప్రతి 38 మందిలో ఏదో ఒక చికిత్స అందింది ఒక్కరికే.

మీ శాఖకు ఈ దారి కొత్త కాదు. హెచ్ఐవీ నివారణలో సెక్స్ వర్కర్లకే శిక్షణనిచ్చి పీర్ ఎడ్యుకేటర్లుగా పెట్టుకున్నారు. డాక్టరు అడుగుపెట్టలేని చోటికి వాళ్లు వెళ్లారు. మద్యం విషయంలో అదే పని ఎందుకు చేయకూడదు? తాగుడు మాని కొన్నేళ్లయినవాళ్లను ప్రతి డీఅడిక్షన్ కేంద్రంలో ఉద్యోగులుగా తీసుకోండి. గౌరవ వేతనం పేరుతో చిల్లర కాదు, జీతం ఇవ్వండి. వాళ్ల పైన ఒక కౌన్సెలర్ ఉండాలి. ఎందుకంటే రోజంతా ఇతరుల కష్టం వింటూ వాళ్లూ జారవచ్చు. జారితే సెలవు, చికిత్స ఇవ్వాలి తప్ప ఉద్యోగం తీసేయకూడదు. డిశ్చార్జికి ముందే రోగికి వాళ్ల పరిచయం కావాలి. మొదటి నెలల్లో వాళ్లే ఇంటికి వెళ్లి పలకరించాలి.

సాయంత్రాలు ఆసుపత్రిలో ఒక గది మీటింగులకు వదిలేయండి. ఇంకో గది ఇంట్లోవాళ్లకు కావాలి. బిల్ విల్సన్ భార్య లోయిస్ 1951లో కుటుంబాల కోసం అల్-అనాన్ పెట్టింది ఊరికే కాదు. మా వదినకు చాలా ఏళ్లు చెప్పుకునే చోటే లేదు. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారాను తరిమింది కూడా గుంపుగా కదిలే కదా!

ముందు ఆ నెల్లూరు జిల్లాలోనే మొదలుపెట్టండి. వచ్చే బడ్జెట్‌లో ఈ ఉద్యోగాలకు పద్దు కేటాయించండి. అన్నయ్య సంగతి ఆయన పనిచేసేచోట తెలియకూడదు కాబట్టి నా పేరు రాయడం లేదు.

భవదీయురాలు,
ఒక చెల్లెలు