ఇంటికంటే ముందు పొరుగు

జుమా నమాజు ముగిశాక మస్జిదు మెట్ల దగ్గర నిలబడి యువకులు మాట్లాడుకునే విషయాల్లో ఉద్యోగం తర్వాత స్థానం ఇప్పుడు ఇంటిదే. ఏలూరు కావచ్చు, తాడేపల్లిగూడెం కావచ్చు, కొల్లేటి పక్కన కైకలూరు, ఆకివీడు కావచ్చు, ప్రశ్న ఒక్కటే. పుట్టిన పేటలోనే ఇరుకు సందులో చిన్న ఇల్లు కొనాలా, ఊరి వెలుపల కొత్త లే అవుట్‌లో విశాలమైన స్థలం కొనాలా? దీని వెనుక మరొక ప్రశ్న గొంతు తగ్గించి అడుగుతారు: "అక్కడ మనవాళ్ళు ఎంతమంది ఉన్నారు?"

అడగకూడని ప్రశ్నేమీ కాదు. అయితే ఇల్లు కొనేవాడు మొదట అడిగే ప్రశ్న మాత్రం ఇది కాకూడదన్నది నా అభిప్రాయం. ఎందుకో వివరిస్తాను.

ఏలూరు పాత మొహల్లాల్లో చాలా కుటుంబాలకు ఒకప్పుడు ఇల్లూ, పనిశాలా ఒకటే. పేరుపొందిన ఏలూరు తివాచీల మగ్గం ఇంట్లోనే ఉండేది. పనికి సాయం పక్కింటి నుంచి వచ్చేది. గోడకు గోడ ఆనించి ఇళ్ళు కట్టుకోవడానికి అప్పుడు బలమైన కారణమే ఉంది. ఇప్పుడు మగ్గాలు తగ్గిపోయాయి. ఆ ఇళ్ళలో పెరిగిన పిల్లలు మెకానిక్కులు, టీచర్లు, దుకాణదారులు, కంప్యూటరు ఉద్యోగులు అయ్యారు. గోడలు మాత్రం అక్కడే ఉన్నాయి. తాత కట్టిన వంద గజాల ఇంటిని కొడుకులకు, మనవలకు పంచుతూ పోతే ఒక్కొక్కరికి ఒక గది మిగులుతుంది. పెళ్ళయిన చిన్న కొడుకు వంటగదిలో పరదా కట్టుకుని కాపురం చేయవలసి వస్తుంది. కాబట్టి యువ దంపతులు కొత్త ఇల్లు వెతకడాన్ని పెద్దలు తిరుగుబాటుగా భావించనవసరం లేదు.

(సందర్భం వచ్చింది గనుక ఒక మాట. పాత ఇల్లు అమ్మి ఆ డబ్బుతో కొత్త స్థలం కొనే అన్నదమ్ములు ఆ ఇంట్లో అక్కచెల్లెళ్ళ వాటా తేల్చారా? దివ్య ఖురాన్ నిర్ణయించిన వాటాను "పెళ్ళికి ఖర్చుపెట్టాం కదా" అనే ఒక్క మాటతో రద్దు చేసే అధికారం ఎవరికీ లేదు. బయానా ఇవ్వడానికి ముందే ఆ లెక్క చూసుకోవడం మంచిది.)

ఈ అవసరాన్ని రియల్ ఎస్టేటు వ్యాపారులు మనకంటే ముందే కనిపెట్టారు. బ్రోచరులో నలభై అడుగుల రోడ్డు, పార్కు పక్కన "మస్జిదుకు స్థలం కేటాయించబడినది" అని ఒక వాక్యం చేరిస్తే చాలు, మనవాళ్ళు మిగతా ప్రశ్నలు మరచిపోతారు. ఆ స్థలం ఎవరి పేర రిజిస్టరయింది? లే అవుట్ ప్లానులో అది నిజంగా ఉందా, లేక కాగితం మీద ఆకుపచ్చ రంగు మాత్రమేనా? చెరువు గట్టు కింద, చిటికెడు వానకే మునిగే పల్లంలో ప్లాటు కొన్నవాడిని అడిగితే "మస్జిదు వస్తుందన్నారు" అంటాడు. భక్తిని అడ్డం పెట్టుకుని పల్లపు భూమిని అమ్మడం అన్నమాట!

మస్జిదుకు దగ్గరగా ఉండాలనే కోరిక మంచిదే. కాని ఈ విషయంలో దైవప్రవక్త ముహమ్మద్ (స) కాలంలోనే ఒక సంఘటన జరిగింది. మదీనా శివార్లలో నివసించే బనూ సలిమా తెగవారు తమ ఇళ్ళు వదిలి మస్జిదె నబవీ దగ్గరకు మారాలనుకున్నారు. ప్రవక్త (స) వద్దన్నారు. మస్జిదుకు నడిచివచ్చే ప్రతి అడుగూ వారి ఖాతాలో రాయబడుతుందని, ఉన్నచోటనే ఉండమని చెప్పారు. మదీనా శివార్లు ఖాళీ కావడం ఆయనకు ఇష్టం లేదని కూడా హదీసు గ్రంథాలు చెబుతున్నాయి. అందరూ ఒకేచోట ఇరుక్కోవడం ఆ మహనీయునికి నచ్చలేదన్నమాట.

హజ్రత్ ఉమర్ (ర) ఉదంతం మరీ ఆసక్తికరమైనది. ఆయన ఇల్లు మదీనాకు ఎగువన, అవాలీ ప్రాంతంలో ఉండేది. ప్రవక్త (స) సన్నిధికి రోజూ వెళ్ళి రావడం కష్టం. అందుకని ఆయన, పొరుగున ఉన్న ఒక అన్సారీ సోదరుడు వంతులు వేసుకున్నారు. ఒకనాడు ఈయన వెళ్ళి ఆనాటి విశేషాలు తెచ్చి చెప్పేవారు, మరునాడు ఆయన. మక్కా నుంచి వచ్చినవారు ఒకరు, మదీనావాసి ఒకరు. తెగలు వేరు, ఊళ్ళు వేరు. దూరాన్ని జయించింది మంచి పొరుగు.

ఇల్లు కంటే ముందు పొరుగును వెతకాలనే మాట మన పెద్దల నోట తరతరాలుగా ఉన్నదే. ఇస్లామీ న్యాయశాస్త్రం దీనికి చట్టరూపం కూడా ఇచ్చింది. దాని పేరు షుఫా. ఆస్తి అమ్మకానికి వచ్చినప్పుడు బయటివారికంటే ముందు కొనుక్కునే హక్కు ఇది. హనఫీ సంప్రదాయంలో ఈ హక్కు మూడు వర్గాలకు ఉంది. ఆస్తిలో భాగస్వామి మొదటివాడు. దారినో, నీటినో కలిసి వాడుకునేవాడు రెండోవాడు. సరిహద్దు పొరుగువాడు మూడోవాడు. పక్కింటికి ఎవరు వస్తారన్నది కుటుంబ జీవితాన్నే మార్చగల సంగతి అని ఆ ధర్మవేత్తలు గుర్తించారు. దారినీ నీటినీ పొరుగుతనంలో భాగంగా లెక్కించడం మరీ గమనించదగ్గది. దాని సంగతి తర్వాత చూద్దాం.

అయితే మన జిల్లాల్లో ఈ హక్కు చెల్లదు. ఏలూరు అప్పట్లో మద్రాసు రాజధానిలో భాగం. అక్కడ షుఫాను చట్టంగా అమలు చేయడం కుదరదని 1870లోనే మద్రాసు హైకోర్టు తీర్పు చెప్పింది. పక్కనే ఉంటున్నాడన్న ఒక్క కారణంతో కొనుగోలును అడ్డుకునే హక్కు రాజ్యాంగ విరుద్ధమని 1962లో సుప్రీంకోర్టు తేల్చింది. ఇది మంచిదే అయిందని నేననుకుంటాను. పక్కింటికి ఎవరు రావాలో నిర్ణయించే అధికారం పొరుగువాడికి ఉంటే, నేటి పరిస్థితుల్లో ఆ కత్తి ముందుగా ఎవరి మెడమీద పడుతుందో వేరే చెప్పాలా? గుజరాత్‌లో 1991 నాటి కల్లోలిత ప్రాంతాల చట్టం కింద ప్రకటించిన పేటల్లో ఇల్లు అమ్మాలంటే కలెక్టరు అనుమతి కావాలి. అల్లర్ల భయంతో ఒకేచోటికి చేరినవారితో అహ్మదాబాదు పక్కన జుహాపురా ఎంత పెద్ద బస్తీగా పెరిగిందో దేశమంతా చూసింది. మన రాష్ట్రంలో అటువంటి చట్టం లేదు. చట్టం విధించని సరిహద్దును మన చేతులతో మనమే గీసుకోవడం ఎందుకు?

2006లో వచ్చిన సచార్ కమిటీ నివేదిక ఈ విషయాన్ని సూటిగా చెప్పింది. భద్రతా భయం ముస్లింలను ఒకేచోటికి నెడుతోందని, అలా గుమిగూడిన పేటలు మునిసిపాలిటీల, ప్రభుత్వ శాఖల నిర్లక్ష్యానికి సులువుగా గురవుతున్నాయని పేర్కొంది. కొన్ని ముస్లిం పేటలను బ్యాంకులు ఋణాలకు పనికిరాని ప్రాంతాలుగా గుర్తు పెట్టుకుంటున్నాయని కూడా ఆ నివేదికలో ఉంది. (వడ్డీ ఋణంతో ఇల్లు కొనడం ధర్మమా కాదా అన్నది వేరే చర్చ. దానిని ఉలమాలనే అడగాలి.)

ఇక్కడ ఒక నిజాన్ని దాచనక్కరలేదు. పేరు వినగానే "ఇల్లు ఖాళీగా లేదండీ" అనే యజమానులు ఉన్నారు. మాంసం వండేవారికి ఇవ్వం అనేవారు ఉన్నారు. అలాంటి మాట ఒకసారి విన్న యువకుడు "మనవాళ్ళ మధ్యే ఉందాం" అనుకుంటే అతన్ని తప్పుపట్టలేం. కాని ఒక గుమ్మం దగ్గర విన్న మాటతో ఊరినంతటినీ కొలవకూడదు. కొనబోయే పేటలో ముందు ఒక ఏడాది అద్దెకుండి చూడండి. రాత్రివేళ పిల్లవాడికి జ్వరం వస్తే తలుపు ఎవరు తీశారో, రంజాన్‌లో సహెరీ వేళ మన వంటింటి చప్పుడుకు పక్కింటివారు విసుక్కున్నారో సర్దుకున్నారో ఆ ఏడాదిలో తెలుస్తుంది. మన పరీక్ష కూడా అప్పుడే జరుగుతుంది. ఇంట్లో మాంసం వండించినప్పుడు, పొరుగున ఉన్న యూదునికి పంపారా అని పదేపదే అడిగిన సహాబీ అబ్దుల్లా బిన్ అమ్ర్ (ర) గురించి మనం చదువుతూనే ఉంటాం. పక్కింటివారు శాకాహారులైతే ఈద్‌నాడు వారికి పంపవలసింది సేమ్యా ఖీరు. చెత్త, నీళ్ళు, బండి నిలిపే చోటు దగ్గర మనం ఎలా ఉన్నామో కూడా చూసుకోవాలి.

ఇక నీటి సంగతి. పొరుగు గురించి ఇంత ఆలోచించేవారు నీరు కూడా పొరుగేనని మరచిపోతున్నారు. మనది కొల్లేటి సీమ. ఖమ్మం వైపు నుంచి దిగివచ్చే తమ్మిలేరు ఏలూరు దగ్గర రెండు పాయలై పట్టణానికి ఇరుపక్కలా పారి కొల్లేటిలో కలుస్తుంది. బుడమేరూ అక్కడికే. ఇన్ని నీళ్ళు సముద్రానికి పోవడానికి ఉన్న దారి ఉప్పుటేరు ఒక్కటే. కొల్లేటిని 1999లో ఐదో కాంటూరు వరకు అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో దానికి రామ్‌సార్ గుర్తింపు వచ్చింది. 2006లో చేపల చెరువుల గట్లు పెద్ద ఎత్తున పగలగొట్టారు. అయినా సరస్సులో నీటిదారికి గట్లు అడ్డం వస్తూనే ఉన్నాయి. దిగువన దారి మూసుకుంటే ఎగువన ఉన్న కాలనీలోకి నీరు వస్తుంది. 2020 అక్టోబరులో తమ్మిలేరు పొంగి ఏలూరు పల్లపు పేటలను ముంచింది. 2024 సెప్టెంబరు 1న బుడమేరు విజయవాడ సింగ్ నగర్‌ను ముంచినప్పుడు జనం రోజుల తరబడి మిద్దెల మీద గడిపారు. ఆ ఇళ్ళు కొన్నప్పుడు వారూ గజం ధర అడిగే ఉంటారు.

తాడేపల్లిగూడెం మెట్టకూ డెల్టాకూ మధ్యనున్న ఊరు కాబట్టి అక్కడ వరద భయం లేదనుకుంటారు. 2024 జూలైలో ఎర్రకాలువ పొంగి ఆ చుట్టుపక్కల పొలాలు మునిగాయి. 2015లో నిట్ వచ్చాక ఆ పట్టణం చుట్టూ పొలాలు ప్లాట్లుగా మారుతున్నాయి. మునిగిన పొలం రేపు ప్లాటు కాదనే హామీ ఏముంది?

ముంచే నీటితోపాటు తాగే నీటిని కూడా చూడాలి. 2020 డిసెంబరులో ఏలూరు వన్ టౌన్ పేటల్లో ఉన్నట్టుండి జనం మూర్ఛపోయి ఆసుపత్రి పాలయ్యారు. బాధితులు ఆరు వందలు దాటారు. రోగుల రక్తంలో సీసం, నికెల్ ఉన్నట్టు ఎయిమ్స్ పరీక్షలు చూపాయి. పురుగుమందుల అవశేషాల మీద కూడా నిపుణులు అనుమానపడ్డారు. ఆ రోజుల్లో వన్ టౌన్‌లో ఉన్న తల్లులను అడగండి, బిందెలో నీరు చూస్తే ఎలా భయమేసేదో చెబుతారు. కొల్లేటి వైపు చాలాచోట్ల బోరు వేస్తే ఉప్పునీరే. టిన్ను నీళ్ళ ఖర్చు నెలనెలా ఇంటి లెక్కలో చేరుతుంది.

అందువల్ల స్థలం చూడటానికి ఎండాకాలంలో కారు పంపే వ్యాపారి వెంట వెళ్ళకండి. పెద్ద వాన పడ్డ మర్నాడు స్వయంగా వెళ్ళండి. పాత గోడల మీద నీటి మరక ఎంత ఎత్తున ఉందో చూడండి. ఆ పొలాన్ని పూర్వం ఏ పేరుతో పిలిచేవారో దగ్గర్లో ఉన్న ముసలి రైతును అడగండి. కుంట అనో, పల్లం అనో, బోదె అనో అంటే తిరిగి వచ్చేయండి. మెరక పోసి ఎత్తు చేశామంటే, ఆ నీరు ఇప్పుడు ఎవరి ఇంట్లోకి పోతోందని అడగండి. నల్లరేగడిలో పునాదికి ఎంత ఖర్చవుతుందో మేస్త్రీతో లెక్క వేయించండి.

కాగితాల విషయం అందరికీ తెలిసిందే కనుక క్లుప్తంగా చెబుతాను. ఈసీ, లింకు డాక్యుమెంట్లు, లే అవుట్ అనుమతి చూడాలి. రిజిస్ట్రేషన్ నిషేధించిన 22-ఎ జాబితాలో సర్వే నంబరు ఉందేమో చూడాలి. ఆ జాబితాలో దేవాదాయ, అసైన్డు, ప్రభుత్వ భూములతోపాటు వక్ఫ్ భూములూ ఉంటాయి. వక్ఫ్ ఆస్తి అమ్మకం చట్టరీత్యా చెల్లదు. మస్జిదు పక్కనే స్థలం దొరికిందని సంబరపడేవారు అది మస్జిదు మాన్యమే కాదు గదా అని రెండుసార్లు చూసుకోవాలి.

చివరగా, ఇల్లు చూడటానికి సాధారణంగా ఎవరు వెళుతున్నారు? భర్త, బావమరిది, ఒక మధ్యవర్తి. ఆ ఇంట్లో పగలంతా గడపబోయేది మాత్రం భార్య. నీరు పట్టేది, పిల్లవాడిని బడినుంచి తెచ్చేది, మామగారికి ఆయాసం వస్తే ఆటో పిలిచేది ఆమె. ఆ కాలనీకి రాత్రి పదిగంటలకు ఆటో వస్తుందా, బడికి పిల్లలు రోడ్డు దాటకుండా నడిచి వెళ్ళగలరా, పక్కింటి ఆడవాళ్ళు పలకరిస్తారా అన్న ప్రశ్నలు ఆమెకే తడతాయి. ఖురాన్ చదువు పిల్లలకు ఎక్కడ దొరుకుతుందన్న దిగులు కూడా ఎక్కువగా ఆమెదే. కొత్త కాలనీలో మనవి నాలుగు కుటుంబాలే ఉన్నా ఒక హాఫిజ్ సాహెబును సైకిలు మీద సాయంత్రం రప్పించి, వరండాలో చాప పరిచి మక్తబ్ నడుపుకోవచ్చు. చాప పరిచే వరండాలోకి నీళ్ళు రాకుండా ఉంటే చాలు. బయానా ఇవ్వడానికి ముందు ఒక్కసారి ఆమెను తీసుకువెళ్ళండి. వ్యాపారిని దూరంగా నిలబెట్టి, చుట్టుపక్కల ఇళ్ళవారితో ఆమెనే మాట్లాడనివ్వండి.