తొందరే అసలు షాక్

ఉదయగిరి, ఆత్మకూరు మెట్ట మండలాల్లో పైరుకు బోరే దిక్కు, బోరుకు కరెంటే దిక్కు. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఫ్యూజు పోతే లైన్‌మన్‌కు ఫోన్ల మీద ఫోన్లు. ఆ తొందరలోనే సబ్‌స్టేషన్ నుంచి లైన్ క్లియర్ (సరఫరా ఆపామన్న అనుమతి) తీసుకోకుండా స్తంభం ఎక్కడం అలవాటవుతుంది. ఒక్క ఫ్యూజు కోసం ఫీడరంతా ఆపితే ఊళ్లన్నీ తిట్టిపోస్తాయన్న వాదన కొట్టిపారేయదగ్గది కాదు. కానీ దానికి మందు కరెంటు ఉండగానే చెయ్యి పెట్టడం కాదు, ట్రాన్స్‌ఫార్మర్‌ను లైను నుంచి విడదీసే ఏబీ స్విచ్‌ను బాగుచేయడం. దాని మూడు బ్లేడ్లూ విడిపోతే ఆ ఒక్క ట్రాన్స్‌ఫార్మరే ఆగుతుంది; తుప్పు పట్టి ఒక్కటి అతుక్కుపోయిందా, హ్యాండిల్ దించినా ఆ ఫేజులో 11 కేవీ లైను బతికే ఉంటుంది.

చెయ్యి తిరిగినవాడికి ఏమీ కాదంటారు. ఆంపియరులో పదో వంతు గుండె మీదుగా పోతే చాలు, అనుభవం అక్కరకు రాదు. లైన్ క్లియర్ ఇచ్చాక కూడా, ఎవరో చేంజోవర్ స్విచ్ లేకుండా ఆన్ చేసిన జనరేటర్ కరెంటు ట్రాన్స్‌ఫార్మర్ గుండా వెనక్కి లైనెక్కగలదు. అందుకే టెస్టర్‌తో చూసి, పనిచోటుకు రెండు వైపులా ఎర్త్ చేయాలి. అరగంట పట్టే పనే, ఒప్పుకుందాం. వ్యవసాయానికిచ్చే 9 గంటల్లో అలా పోయిన అరగంటను అదే రోజు చివర కలిపి ఇస్తామని డిస్కం ప్రకటిస్తే, ఆ ఫోన్లు సగం తగ్గుతాయి.