‘రండి’ అంటే చాలదు!

ప్యారిస్‌లో కొత్తగా దిగిన తెలుగు విద్యార్థి బేకరీకి వెళ్లాడనుకోండి. క్లాసులో నేర్చుకున్నది గుర్తు తెచ్చుకుని ‘దొనే మువా యున్ బగెత్’ అంటాడు. అంటే ‘నాకో బ్రెడ్డు ఇవ్వండి’ అని. వ్యాకరణంలో ఒక్క తప్పూ లేదు. అయినా కౌంటరు వెనకున్నామె ముఖం చిట్లించవచ్చు. ఎందుకని?

ఎదుటివారితో పని చెప్పే క్రియారూపాన్ని మనం విధ్యర్థకం అంటాం. ఇంగ్లిషులో అందరికీ ఒకటే ‘కమ్’. ఫ్రెంచికి అది చాలదు. మనలాగే నువ్వు, మీరు, మనం... మూడు రూపాలు కావాలి. ‘వ్యాఁ’ అంటే రా. ‘వెనే’ అంటే రండి. ‘అలోఁ’ అంటే వెళ్దాం. 1792లో రూజే ద లీల్ రాసిన ఫ్రాన్స్ జాతీయగీతం మొదలయ్యేది ఈ ‘వెళ్దాం’తోనే!

తయారుచేయడమూ తేలికే. మామూలు వాక్యంలోంచి నువ్వు, మీరు, మనం అనే మాటలు తీసేయడమే. ‘తు పార్ల్’ అంటే నువ్వు మాట్లాడతావు. ‘తు’ తీసేస్తే ‘పార్ల్’... మాట్లాడు! ఇలాంటి క్రియలకు ‘నువ్వు’ రూపంలో చివరి ‘ఎస్’ అక్షరం రాయకూడదు. పలుకులో ఎలాగూ వినిపించదు కాబట్టి పరీక్షల్లో మార్కులు పోయేది ఇక్కడే. వద్దని చెప్పాలంటే క్రియకు ముందు ‘నె’, వెనక ‘పా’ చేర్చాలి. ‘దొన్ మువా’ అంటే నాకివ్వు. ‘నె మె దొన్ పా’ అంటే నాకివ్వకు. వెనకున్న ‘నాకు’ ముందుకొచ్చి, ‘మువా’ కాస్తా ‘మె’ అయింది చూశారా!

అసలు చిక్కు మర్యాద దగ్గర. మనం తాతయ్యను ‘రండి’ అంటాం. ఫ్రాన్స్‌లో మామూలుగా మనవలు తాతను ‘వ్యాఁ’ అనే పిలుస్తారు. అది అగౌరవం కాదు, చనువు. ముక్కూమొహం తెలియని కుర్రాడైనా సరే, దుకాణంలో ఉంటే ‘మీరు’ అనాల్సిందే. మనం ముఖ్యంగా వయసు చూస్తాం, వాళ్లు ముఖ్యంగా దూరం చూస్తారు.

ఇంకో తేడా కూడా ఉంది. ‘కాసిని మంచినీళ్లివ్వండి’ అంటే మనకు చాలు. దయచేసి అనక్కర్లేదు, ఆ పని ‘అండి’ చేసిపెడుతుంది. ఫ్రెంచి ‘దొనే’లో ‘మీరు’ ఉంది కానీ ఆ మెత్తదనం లేదు. దానికి ‘సిల్ వూ ప్లే’ తోడవ్వాలి. మాటకు మాట చెబితే ‘మీకు ఇష్టమైతే’ అని. చనువున్నవాళ్లతో అయితే ‘సిల్ తె ప్లే’.

మరి బేకరీలో ఏమనాలి? ముందు ‘బోంజూర్ మదామ్’ అని పలకరించాలి. తర్వాత ‘యున్ బగెత్, సిల్ వూ ప్లే’ అంటే సరిపోతుంది. గమనించారా... అందులో ‘ఇవ్వండి’ అన్న మాటే లేదు!