పద్మశ్రీ సరే, మేళం సంగతేంది?

జనగామ జిల్లా దేవరుప్పుల మండలానికి చెందిన గడ్డం సమ్మయ్యకు 2024లో పద్మశ్రీ ప్రకటించారు. అయిదు దశాబ్దాలు చిందు యక్షగానం ఆడిన మనిషి. 19 వేలకు పైగా ప్రదర్శనలు. చిందోళ్లు మా తెగ కాదు, మాదిగలకు జాంబపురాణం ఆడి చెప్పే ఆశ్రిత కులం. అయినా మాకు మా ఇంట్లో మనిషికి వచ్చినంత సంతోషమైంది. ఆ సంతోషంలోనే ఒక మాట అడుగుతున్నం. ఆ 19 వేల ఆటల్లో ఆయన ఎదురుగా వేషం కట్టినోళ్లెవరు? మద్దెల వాయించినోళ్లు, తాళం వేసినోళ్లు, వెనుక నిలబడి వంత పాడినోళ్లెవరు? యక్షగానం ఒక్కడు ఆడేది కాదు గదా!

మా సంగతీ అంతే. కోయ డోలి చెప్పే సకిని రామచంద్రయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చింది. 2024 జూన్‌లో ఆయన పోయిండు. చదువు రాదు, కానీ సమ్మక్క సారలమ్మల కథ, గోత్రాల పుట్టుక, ఇలవేల్పుల చరిత్ర అంతా ఆయన గొంతులో ఉండె. డోలి అంటే ఒక్క గొంతు కాదు. డోలు కొట్టేటోడు కావాలె, కంచుతాళం పట్టేటోడు కావాలె, బొమ్మల పడిగె విప్పి నిలబెట్టాలె, వినే గట్టువాళ్లు ఎదురుగా కూర్చోవాలె. పతకం ఒక్క మెడలో పడ్డది. పక్కన తాళం పట్టినాయన మరునాడు మిరపచేన్లకు కూలికి పోయిండు. భూపాలపల్లి దిక్కు నాయకపోళ్ల లక్ష్మీదేవర ఆటకు, ఆ కొయ్య మొఖాలకు ఇంతవరకు అంత పేరు కూడా రాలే.

2016లో వరంగల్లును ముక్కలు చేసిండ్రు. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాలైనయి. మేడారమైతే ముందు భూపాలపల్లిలకు, 2019లో ములుగులకు పోయింది. హద్దులు మారినా మేళాలు తిరిగే బాట మారలే. కానీ గుర్తింపు కార్డు కోసం పోతే ‘మీది ఈ జిల్లా కాదు’ అంటరు. మంత్రి వచ్చిన రోజు మాత్రం ఏ జిల్లా అని ఎవ్వరూ అడగరు. పొద్దున్నే ఎండలో గేటు కాడ నిలబెడ్తరు, కారు దిగంగనే డోలు కొట్టమంటరు. ఫొటో అయినంక ఆపమంటరు. రాత్రంతా చెప్పే కథకు అయిదు నిమిషాలు! దాన్ని గుర్తింపు అనుకోవాల్నట.

2014లో తెలంగాణ సాంస్కృతిక సారథి పెట్టి 550 మందికి కొలువులిచ్చిండ్రు. కళాకారుని ఇంట్ల నెలజీతం వచ్చుడు చిన్న సంగతి కాదు, దాన్ని మేం తక్కువ చెయ్యం. కానీ వాళ్ల పని పథకాల మీద పాటలు పాడుడు. సర్కారు పాట పాడితే జీతం, తాతల కథ చెప్తే శాలువా. ఇదేం లెక్క?

తప్పంతా సర్కారు మీదనే వేస్తే మేం అబద్ధమాడినట్లే. మా గూడెంల కొలుపుకు డీజే తెచ్చేది మా పిల్లలే. దానికి వేలకు వేలు చందాలేస్తరు. డోలోళ్లకు కుంచెడు వడ్లు పెట్టాలంటే మొఖం తిప్పుకుంటరు. ఆశ్రమ పాఠశాలల వార్షికోత్సవాలకు సినిమా పాటకు స్టెప్పులు నేర్పే పంతుళ్లలో మా తెగ పంతుళ్లూ ఉన్నరు.

మేం అడిగేది పెద్దదేం కాదు. వడ్లు ఇల్లు చేరినప్పటి నుంచి తొలకరి దాకా మేళాలకు ఆటల కాలం. ఆ నెలల్లో మండలానికి కొన్ని రాత్రులు, తెల్లారేదాకా పూర్తి ఆట ఆడించాలె. చిందోళ్లు మా గూడేలకు రావాలె, డోలోళ్లు జనగామ వాడలకు పోవాలె. పైసలు మేళం పెద్దకొక్కనికే కాదు, తాళం పట్టేటోళ్ల దాకా అందరికీ పంచాలె. కోయ కథ కోయ భాషల్నే చెప్పనియ్యాలె. ఆటకు ముందు మేళంల ఉన్న ప్రతి ఒక్కరి పేరు మైకుల చదవాలె, ముందు తాళం పట్టేటోళ్ల పేరు.