కొండవాలు పెరళ్ళలో కొండచెట్లు

విశాఖపట్టణమున కొండవాలులయందు ఇండ్లు గట్టుకొన్నవారిలో ననేకులు పెరటిలోని యడవిపొదలను నఱికించి, పచ్చిక పఱపించి, పరదేశపు పూలమొక్కలను బెంచుటయే నాగరకతయని తలంచుచున్నారు. దీనివలన కొండకు గలుగు నష్టమును విచారించువా రరుదు.

2014 అక్టోబరు 12వ తేదీని హుద్‌హుద్ తుపాను ఈ పట్టణమున అసంఖ్యాకముగ చెట్లను కూల్చినది. అట్లు బోడియైన చోటుల నాక్రమించుటకు లాంటానాకంప యెప్పుడును కాచుకొనియుండును. అమెరికాఖండమునుండి యలంకారమునకై తెచ్చిన యీ మొక్క నేడు మన యడవుల నల్లుకొన్నది. పిట్టలు దాని పండ్లను దినును. విత్తులు పొరుగుపెరటిలో మొలచును. ఒకరి యజాగ్రత్త యందఱికిని చేటు.

కావున గృహస్థులు ఆ కంపను కాయపట్టకమునుపే వేళ్ళతో పెఱికింపవలయును. అయితే వాలునంతయు నొక్కసారిగా బోడిచేసినచో తొలివానకే మన్ను జాఱిపోవును. ఏటికొక భాగము చొప్పున తీసి, వాలున కడ్డముగా రాళ్ళు పేర్చి, వానలు పట్టినంతనే మోదుగ, రేల, ఉసిరి, మారేడు, బలుసు, కలివి నాటవలయును. రాలిన యాకును తగులబెట్టరాదు. అదియే యెరువు, అదియే నేలకు తేమ.

పూలు లేని పెర డేల యందురా? వసంతమున మోదుగ నిప్పులవలె పూయును. గ్రీష్మమున రేల బంగారుగుత్తులను వ్రేలాడదీయును. మారేడాకు మేసిన గొంగళి సీతాకోకచిలుకయై యెగురును. వేళ్ళూనిన పిదప నీ చెట్లు పచ్చికవలె నిత్యము నీరు కోరవు.

పురపాలకసంఘమే యన్నియు నాటునని చేతులు ముడుచుకొని కూర్చుండుట తగదు. కొండ యిచ్చిన చోట కాపురముండువారు కొండసొత్తును కొండకు మరల నీయవలదా?