ఈసారి మావాడి వంతు

మా ఇంటి నుంచి కారులో అయిదు నిమిషాలు వెళితే ఒక డైనర్ వస్తుంది. న్యూజెర్సీ వాళ్లకి డైనర్ అంటే ఏమిటో చెప్పక్కర్లేదు. మిగతావాళ్ల కోసం చెబుతున్నాను. రైలు పెట్టెలా పొడుగ్గా, బయట స్టీలు రేకు తొడుక్కుని, నియాన్ లైట్లతో మెరుస్తూ ఉండే హోటలన్నమాట. పాత రైలు పెట్టెల్ని ఇలా మార్చారేమో అని నేను చాలాకాలం అనుకున్నాను. నిజానికి చాలావాటిని ఫ్యాక్టరీలోనే ఆ ఆకారంలో తయారుచేసి, తెచ్చి దింపేవారట. 1872లో రోడ్ ఐలండ్ రాష్ట్రం ప్రావిడెన్స్ ఊళ్లో వాల్టర్ స్కాట్ అనే ఆయన గుర్రపు బండి మీద రాత్రిపూట తిండి అమ్మడంతో ఈ కథ మొదలైంది. మన బస్టాండు పక్కన అర్ధరాత్రి ఇడ్లీ బండి లాంటిదే! తర్వాత తర్వాత గ్రీసు నుంచి వచ్చిన కుటుంబాలు ఇక్కడి డైనర్లను చాలావరకు నడిపించాయి. వాళ్లూ మనలాగే పొట్ట చేతపట్టుకుని సముద్రం దాటినవాళ్లే.

పిల్లలున్నవాళ్లకి ఇంత సుఖమైన చోటు ఇంకోటి లేదు. కూర్చోగానే క్రేయాన్లు, బొమ్మలకు రంగులు వేసుకునే కాగితం ఇస్తారు. నీళ్ల గ్లాసు ఒలికితే ఎవరూ కనుబొమలు ఎగరెయ్యరు. రాత్రి ఎనిమిదింటికి పాన్‌కేకులు అడిగినా నవ్వుతూ తెచ్చిపెడతారు. నాలాంటి శాకాహారికి గ్రిల్డ్ చీజ్, హోమ్ ఫ్రైస్, పైన కాస్త టబాస్కో సాస్ ఉంటే చాలు, రోజు గడిచిపోతుంది. చివర్లో రైస్ పుడ్డింగ్ ఉండనే ఉంది. దాల్చినచెక్క పొడి చల్లిన చల్లటి పరమాన్నం అనుకోండి.

నేనూ, మావాడూ 2009లో ఒకే అపార్ట్‌మెంట్ పంచుకున్నవాళ్లం. అప్పటినుంచీ నెలకోసారి ఈ డైనర్‌లో కలుస్తాం. బిల్లు ఒకసారి నాది, ఒకసారి వాడిది. పెళ్లిళ్లయినా, పిల్లలు పుట్టినా, ఈ లెక్క మాత్రం తప్పలేదు. (ఈ సంగతులన్నీ వాడి అనుమతితోనే రాస్తున్నాను. పేరు మాత్రం వద్దన్నాడు.)

మొన్న ఒక శుక్రవారం మా ఆవిడా, వాళ్లావిడా గుడికి వెళ్లారు. "ఒరేయ్, పిల్లల్ని తీసుకుని డైనర్‌కి వచ్చెయ్" అని ఫోన్ చేశాడు. మా అబ్బాయినెక్కించుకుని బయల్దేరాను. వాడు తొమ్మిదేళ్ల కూతురితో, అయిదేళ్ల కొడుకుతో అప్పటికే కూర్చుని ఉన్నాడు. అందరినీ "హనీ" అని పిలిచే పెద్దావిడ ఆర్డర్ రాసుకోవడానికి వచ్చింది. కూతురు ఎప్పుడూ చాక్లెట్ మిల్క్‌షేక్ అడుగుతుంది. ఆ రోజు "జస్ట్ వాటర్" అంది. మావాడు కాఫీ ఒక్కటే చెప్పాడు. ఆకలి లేదన్నాడు. నేను రెండూ పట్టించుకోలేదు.

పిల్లలు ముగ్గురూ గాజు బీరువాలో తిరుగుతున్న కేకులు చూడ్డానికి వెళ్లగానే మావాడు గొంతు తగ్గించి, "ఉద్యోగం పోయిందిరా. ఇవాళ్టికి 19వ రోజు" అన్నాడు.

రోజులెందుకు లెక్కపెడుతున్నాడో మీలో చాలామందికి చెప్పకుండానే అర్థమై ఉంటుంది. హెచ్‌-1బి మీద ఉన్నవాళ్లకి ఉద్యోగం పోతే మహా అయితే 60 రోజులు గడువు. 2017 నుంచి ఉన్న నియమం ఇది. ఐ-94 తేదీ అంతకంటే ముందే అయిపోతే అంత కూడా ఉండదు. ఆ లోపల ఇంకో కంపెనీ పిటిషన్ వెయ్యాలి, లేదా స్టేటస్ మార్చుకోవడానికి దరఖాస్తు చేసుకోవాలి. రెండూ కాకపోతే పెట్టె సర్దుకోవాలి. పిల్లలిద్దరూ ఇక్కడ పుట్టిన అమెరికా పౌరులు. తల్లిదండ్రులిద్దరూ ఏళ్ల తరబడి గ్రీన్ కార్డు క్యూలో.

"పిల్లలకి చెప్పావా?" అన్నాను.

"చిన్నపిల్లలురా! ఎందుకు భయపెట్టడం? రోజూ పొద్దున్నే లాప్‌టాప్ పట్టుకుని లైబ్రరీకి పోతున్నా. ఏదో ఒకటి తేలాక చెబుదాం."

నేను కూడా తలూపాను. నేనైనా అదే చేసేవాణ్ణి.

పిల్లలు తిరిగొచ్చారు. ప్లేట్లు వచ్చాయి. కూతురు కాగితం మీద చిక్కుదారి బొమ్మలో క్రేయాన్‌తో గీత గీస్తూ, తలెత్తకుండానే, "డాడీ, నీ బ్యాడ్జ్ ఏదీ?" అంది.

"ఏ బ్యాడ్జ్ తల్లీ?"

"ఆఫీస్ బ్యాడ్జ్. రోజూ కీస్ పక్కన హుక్‌కి పెడతావుగా. త్రీ వీక్స్ నుంచి లేదు."

మావాడు నా వంక చూశాడు. నేను కాఫీ కప్పు వంక చూశాను. ఆ తర్వాత వాడు చేసిన పని నాకు నచ్చింది. అబద్ధం ఆడలేదు. "కంపెనీ వాళ్లు చాలామందిని తీసేశారమ్మా. అందులో నేనూ ఉన్నాను. వేరే ఉద్యోగం వెతుకుతున్నాను" అన్నాడు.

"నాకు తెలుసు. అందుకే మిల్క్‌షేక్ అడగలేదు."

వాడి నోట మాట రాలేదు. పిల్లే మళ్లీ అడిగింది. "స్ప్రింగ్ కన్సర్ట్‌కి మనం ఇక్కడే ఉంటామా?"

"నాకింకా తెలీదు తల్లీ. తెలిసిన రోజే నీకు చెబుతా. దాచను."

"ఓకే" అని మళ్లీ గీత గియ్యడంలో పడింది. పిల్లని భయపెట్టకూడదని మూడు వారాలు దాచిన సంగతిని, ఆ పిల్ల మూడు వారాలుగా ఒక్కతే మోస్తోంది. భయం అప్పటికే వచ్చేసింది. మాట్లాడుకోవడానికి తోడే లేదు. మావాడు పెద్దావిడను పిలిచి, ఒక చాక్లెట్ మిల్క్‌షేక్, నాలుగు స్ట్రాలు తెమ్మన్నాడు. తనకొక గ్రిల్డ్ చీజ్ కూడా చెప్పుకున్నాడు. ఆకలి ఎక్కడినుంచో వచ్చింది.

బిల్లు రాగానే నేను చెయ్యి చాచాను. మావాడు టక్కున లాక్కున్నాడు. "ఈసారి వంతు నాది."

"ఒరేయ్, ఇప్పుడు..."

"ఉద్యోగం పోయింది గానీ వంతు పోలేదురా!"

వదిలేశాను. జాలితో ఆ బిల్లు నేను కట్టి ఉంటే, ఇన్నేళ్ల లెక్క అక్కడే తప్పేది. టిప్పు మాత్రం నేను పెడతానంటే ఒప్పుకున్నాడు. కాస్త ఎక్కువే పెట్టాను. టిప్పులు వచ్చే పనివాళ్లకి యజమాని ఇవ్వాల్సిన కనీస జీతం ఫెడరల్ చట్టం ప్రకారం గంటకి 2 డాలర్ల 13 సెంట్లు. 1991 నుంచి అది మారలేదు. మా రాష్ట్రంలో అంతకంటే ఎక్కువే గానీ, ఆవిడ ఇంటి సంసారం నడిచేది ముఖ్యంగా మనం బల్ల మీద పెట్టే డబ్బులతోనే.

ఆ రాత్రే వాడి రెజ్యూమె తెప్పించుకుని, నాకు తెలిసిన మేనేజర్లందరికీ పంపాను. మర్నాడు మరో ఇద్దరు మిత్రులు అదే పని చేశారు. ఇంతకాలం సిగ్గుపడి ఎవరికీ చెప్పని మనిషికి వారంలో మూడు ఇంటర్వ్యూలు వచ్చాయి. 52వ రోజున ఒక కంపెనీ పిటిషన్ వేసింది. జీతం కొంచెం తక్కువ, రైలు ప్రయాణం కొంచెం ఎక్కువ. ఆ సాయంత్రం వాడు ముందు ఫోన్ చేసింది నాకు కాదు. ఇంటికెళ్లి కూతురికి చెప్పాడు. మాటంటే మాటే కదా!

మీ ఇంట్లోనూ ఇలాంటి లెక్క ఏదైనా నడుస్తుంటే, పిల్లల్ని దగ్గర కూర్చోబెట్టుకుని చెప్పండి. ఒక మిత్రుడికీ చెప్పండి. పిల్లలూ, మీకేమైనా అనుమానం వస్తే ఒక్కళ్లే మొయ్యకండి, అమ్మనో నాన్ననో అడిగెయ్యండి.

వచ్చే నెల డైనర్ బిల్లు నాది. ఆకలితో రమ్మని మావాడికి ఇప్పటికే చెప్పేశాను.